పళ్ల డాక్టరమ్మ ఇంటి పొయ్యి

ఆయన్ని అందరూ పొయ్యిల మేస్త్రీ అనేవాళ్లు. గోడలు కట్టే మేస్త్రీలు వీధికి నలుగురు దొరుకుతారు. పొగ ఇంట్లోకి మళ్లకుండా, వేడికి ఇటుక పగలకుండా పొయ్యి కట్టే మేస్త్రీ మాత్రం వెతుక్కుంటే తప్ప దొరకడు. బేకరీల బట్టీలు, హోటళ్ల వెనక పెద్ద పొయ్యిలు చాలావరకు ఆయన చేతి మీదుగా లేచినవే. ఈమధ్య ఉన్నవాళ్లు పెరట్లో రాతిగట్టు కట్టించి, అందులో పొయ్యి, సింకు, అలమరలు అమర్చుకుని ఆరుబయట వంటగది అంటున్నారు. వాటికీ ఆయన్నే పిలుస్తున్నారు. మనిషి బక్కపలచన, మాట అంతకన్నా పలచన. ఎవరైనా "బాగున్నారా మేస్త్రీ గారూ" అంటే తల ఊపి, ఆ ఊపుతోనే కుశలప్రశ్నలన్నీ ముగించేసేవాడు.

ఆ లోటంతా బావమరిది పూడ్చేవాడు. భార్యకి సొంత తమ్ముడు. చిన్నప్పటినుంచి నోరు మూతపడకపోవడంతో ఇంట్లోవాళ్లు వాణ్ని రేడియో అన్నారు, తర్వాత వీధంతా ఆ పేరే ఖాయం చేసింది. రేడియో ఏ పనిలోనూ నిలవలేదు. సినిమా హాల్లో టిక్కెట్లు చింపాడు. గుమ్మంలోనే కథంతా చెప్పేస్తున్నాడని తీసేశారు. టైలరు దగ్గర గుండీలు కుట్టాడు. కబుర్లలో పడి ఒక పెద్దమనిషి చొక్కాకి గుండీలు వీపు వైపు కుట్టేశాడు. చివరికి అత్తగారు అల్లుణ్ని పిలిచి, "బాబూ, వీణ్ని నీ వెంట తీసుకుపో. ఇంకేం రాకపోయినా ఇటుకలైనా మోస్తాడు" అంది.

వచ్చిన కొత్తలోనే రేడియో పచ్చి గోడకి ఆనుకుని పక్కింటాయనతో మాటల్లో పడ్డాడు. లేచేసరికి గోడ మీద వాడి వీపు అచ్చు పడింది. మేస్త్రీ ఆ సిమెంటు మాలు గోకి మళ్లీ పూశాడు.

"తిట్టు బావా. తిట్టకపోతే నాకు అన్నం సహించదు" అని వాడే బతిమాలుకున్నాడు.

"ఇసుక జల్లించు" అన్నాడు మేస్త్రీ.

జల్లించాడు. మర్నాడూ వచ్చాడు. అలా వస్తూనే ఉన్నాడు. కొన్నేళ్లు గడిచేసరికి ఇద్దరూ ఒక మనిషికి మొలిచిన నాలుగు చేతుల్లా తయారయ్యారు. మేస్త్రీ చెయ్యి వెనక్కి చాస్తే ఏ పనిముట్టు కావాలో అది వచ్చి చేతిలో పడేది. బరువైనది ఎత్తాల్సి వస్తే చెరోవైపు వంగేవాళ్లు. రేడియో "ఊఁ" అనేవాడు, ఆ ఊఁ తోనే ఇద్దరి మోకాళ్లూ ఒకేసారి లేచేవి. ఇద్దరి జుట్టూ పనిలోనే నెరిసింది. పొద్దున వీధి మలుపులో టీ దగ్గర మొదలైన రేడియో కబుర్లు సాయంత్రం పనిముట్లు కడిగేదాకా సాగేవి. ఎవరింట్లో ఏం గొడవ, ఎవరి పిల్లి ఎవరి మేడ మీద ఈనింది, ముసలితనంలో తాను పడవ కొనుక్కుని నదిలో ఎలా తిరుగుతాడు, ఆ పడవలో బావని ఏ మూల కూర్చోబెడతాడు. "కాసేపు ఆపరా" అనేవాడు మేస్త్రీ. వాడు ఆపేవాడు కాదు. ఆపుతాడని ఈయనా అనేవాడు కాదు.

అలాంటి రోజుల్లో పళ్ల డాక్టరమ్మ ఫోన్ చేసింది.

ఆవిడ ఇంటి పెరట్లో, ప్రహరీ వారగా, ఎల్ ఆకారంలో గ్రానైట్ గట్టు ఉంది. ఆ గట్టు మూలలో ఒక గూడు వదిలి, అందులో పింగాణీ గ్రిల్లు కూర్చోబెట్టారు. నిలబెట్టిన పెద్ద గుడ్డులా ఉంటుంది అది. కింది సగంలో బొగ్గు, పైన ఇనుప జల్లెడ, దాని మీద బరువైన మూత. ఆవిడ భర్తకి అందులో నిదానంగా కాల్చి వండడం సరదా. ఉద్యోగం వేరే ఊళ్లో కావడంతో సెలవు దొరికినప్పుడే వస్తాడు. వచ్చి మూత ఎత్తిన ప్రతిసారీ గుడ్డంతా వెనక్కి ఒరిగి, మళ్లీ టక్కుమని ముందుకి వస్తోంది.

"పన్ను ఊగితే పీకేస్తానండీ. పొయ్యి ఊగుతుంటే ఏం చెయ్యాలో తెలియట్లేదు" అంది డాక్టరమ్మ, ఇద్దరూ పెరట్లోకి రాగానే.

"సరైన చోటికే ఫోన్ చేశారు డాక్టర్ గారూ. మా బావ పొయ్యిలకి డాక్టరు. నేను కాంపౌండర్ని. రోగం ఆయన చూస్తాడు, ధైర్యం నేను చెబుతాను" అన్నాడు రేడియో.

ఆవిడ నవ్వింది. మేస్త్రీ అప్పటికే మూత ఎత్తి, గ్రిల్లు భుజం మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. మెల్లగా ఒకసారి అటు, ఒకసారి ఇటు నెట్టాడు. తర్వాత గూటి కింద తలుపు తీసి, పడుకుని లోపలికి చూశాడు.

"చెప్పు బావా, బతుకుతుందా?"

"తడి" అన్నాడు మేస్త్రీ.

ఆ ఒక్క మాటనీ రేడియో డాక్టరమ్మకి విడమరిచి చెప్పాడు. గూటికి అడుగున వేసిన పలక రెండు ఇటుక దిమ్మల మీద నిలబడింది. వెనక దిమ్మ కింద ఉన్నది పూడ్చిన మట్టి. పక్కనున్న సింకు గొట్టం కారి, ఆ మట్టి మెత్తబడి, దిమ్మ కుంగింది. పలక వెనక్కి వాలింది. మూత తెరిస్తే బరువంతా వెనక్కే పోతుంది కాబట్టి గ్రిల్లు ఊగుతోంది. అది చాలదన్నట్టు ఎవరో దాని కింద చెక్క ముక్కలు దూర్చారు. అవి వేడికి మాడి బొగ్గయ్యాయి. చుట్టూ సందు లేకుండా సిమెంటు కూరారు. కాలినప్పుడు ఒళ్లు విరుచుకోవడానికి చోటు లేక పింగాణీ మీద వెంట్రుకంత పగులు వచ్చింది.

"మొత్తం తీసి, కిందనుంచి కట్టాలండీ. చెక్కముక్క మార్చి పోతే వచ్చే నెల మళ్లీ మీరు మమ్మల్ని తలుచుకుంటారు, మంచి మాటలతో కాదు" అన్నాడు రేడియో.

ఆ రోజు కూరిన సిమెంటు కొట్టేసి, మూత, జల్లెడ, లోపలి బొగ్గు గిన్నె ఒక్కొక్కటే విడదీశారు. ఉత్త గుల్ల మిగిలాక చెరోవైపు పట్టుకుని, ఊఁ అని, పక్కన వేసిన బల్ల మీదికి దించారు. కింది పలక ఎత్తి, కారుతున్న గొట్టం బిగించారు. వెనక దిమ్మ పగలగొట్టి, గట్టి నేల తగిలేదాకా తవ్వారు. కంకర, సిమెంటు పోసి పునాది వేశారు. మేస్త్రీ వాలు చూసే రసమట్టం పట్టుకుంటే, కొత్త దిమ్మ ఎంత ఎత్తు రావాలో రేడియో గూటి లోపలి గోడ మీద పెన్సిలుతో గీత గీశాడు. గీత పక్కన బాణం వేసి, వంకర అక్షరాలతో ఏదో రాశాడు. పునాది ఆరాలి కాబట్టి ఆ పూటకి పనిముట్లు కడుక్కుని, రెండ్రోజులాగి వస్తామని డాక్టరమ్మకి చెప్పి బయల్దేరారు. మలుపు దగ్గర రేడియో "పొద్దున టీ నీదే బావా" అని సైకిలు తిప్పుకుని వెళ్లిపోయాడు.

పొద్దున రేడియో టీ దగ్గరికి రాలేదు. మేస్త్రీ తన గ్లాసు తాగి, వాడి గ్లాసు చల్లారుతుంటే విసుక్కుంటూ కూర్చున్నాడు. ఫోన్ మోగింది. భార్య.

"ఏమండీ, తమ్ముడు…" అంది. తర్వాత మాట రాలేదు. ఫోన్ ఎవరో అందుకుని చెప్పారు. బూట్లు తొడుక్కుంటూ కుర్చీలోంచి పక్కకి ఒరిగాడట. ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయిందట. గుండె అన్నారు.

ముందు రోజు వాడిలో ఏ సూచనా లేదు. అలుపు లేదు, చెమట లేదు, నొప్పి అన్న మాటే లేదు. ఆ రోజునంతా మేస్త్రీ మళ్లీ మళ్లీ నెమరేసుకుని వెతికాడు. ఏమీ దొరకలేదు. దొరికి ఉంటే తిట్టుకోవడానికైనా ఒక దారి ఉండేది.

రేడియో ఇంటినిండా జనం. ముందు గదిలో వాడి భార్య, ఆమెని పట్టుకుని మేస్త్రీ భార్య. వచ్చినవాళ్లు వచ్చినట్టు ఆ ఇద్దరి దగ్గరికే వెళ్లి కూర్చునేవాళ్లు. "అక్కవి, నువ్వే ధైర్యంగా ఉండాలమ్మా" అనేవాళ్లు. మేస్త్రీకి పనులు అప్పగించారు. కుర్చీలు తెప్పించడం, వచ్చినవాళ్లకి మంచినీళ్లు చూడటం, దారి తెలియనివాళ్లకి ఫోన్లో చెప్పడం. ఇంటల్లుడు కదా, ఇలాంటప్పుడు బరువు మొయ్యాల్సింది ఆయనే. మోశాడు. ఒక దూరపు చుట్టం కుర్చీ అందుకుంటూ, "మీరు ఏమవుతారు?" అని అడిగాడు.

"బావని."

"ఓహో" అని ఆయన లోపలికి చూస్తూ, "పాపం, అక్కగారు ఎలా ఉన్నారో" అన్నాడు.

మేస్త్రీ ఇంకో కుర్చీ విప్పాడు.

అన్నీ అయ్యాక కూడా మేస్త్రీ ఇంటికి మనుషులు వస్తూనే ఉన్నారు. భార్య తమ్ముడి గురించి చెప్పేది. చిన్నప్పుడు జామచెట్టు మీంచి పడి చెయ్యి విరిగినా మాట ఆపలేదని, బళ్లో మాస్టారు వాడి నోటికి తాళం వేస్తాననేవారని. వినేవాళ్లు ఏడుస్తూనే నవ్వేవాళ్లు. మేస్త్రీ గుమ్మం పక్కన కూర్చుని వినేవాడు. ఆ కథలన్నిట్లోనూ వాడు పిల్లాడే. ఆ పిల్లాడు ఈయనకి తెలియదు. ఈయనకి తెలిసినవాడు నెరిసిన జుట్టుతో, సిమెంటు దుమ్ము పట్టిన కనుబొమ్మలతో, గూటిలోకి సగం దూరి లోపల్నుంచి కూడా మాట్లాడేవాడు. వాడి గురించి ఎవరూ ఏమీ అడగలేదు. అడిగినా చెప్పడం ఈయనకి చేతకాదు. మాటల పనంతా వాడిదే కదా.

సంగతి తెలిసి డాక్టరమ్మ, తొందరేం లేదని కబురు చేసింది. వేరే మేస్త్రీ ఒకాయన "నేను పోయి ముగించి వస్తాలే" అన్నాడు. పొయ్యిల మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. ఒక పొద్దున సంచీ భుజాన వేసుకుని, మలుపు దగ్గర టీ కోసం ఆగకుండా వెళ్లిపోయాడు.

పెరట్లో అన్నీ వదిలినవి వదిలినట్టే ఉన్నాయి. బల్ల మీద గుడ్డ కప్పిన గుల్ల. గోడ వారగా బోర్లించిన బకెట్టు. పునాది ఆరి, రాయిలా గట్టిపడింది. మేస్త్రీ మాలు కలుపుకుని గూటి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. అప్పుడు చూశాడు గోడ మీద రాత. బాణం, దాని పక్కన, "ఇక్కడిదాకా బావా, ఆపైన నీ ఇష్టం."

ఆ అక్షరాల మీద వేలు ఆనించాడు. తర్వాత ఇటుక అందుకున్నాడు. వరస మీద వరస పేర్చుకుంటూ దిమ్మని ఆ గీత దాకా తెచ్చాడు. ఒకసారి చెయ్యి వెనక్కి చాచాడు. చేతిలో ఏమీ పడలేదు. లేచి వెళ్లి రసమట్టం తెచ్చుకున్నాడు. గీత సరిగ్గా గీశాడు వాడు, వెంట్రుకవాసి తేడా లేదు. దిమ్మ మీద మందపాటి రాతిపలక పరిచాడు. పలకకీ గోడకీ మధ్య సందు మిగిలింది. సందు వదిలేస్తే మళ్లీ నీళ్లు దిగుతాయి. మాలు పుయ్యాలి. పూస్తే రాత పోతుంది. తాపీ నిండా మాలు తీసుకుని అలాగే పట్టుకుని కూర్చున్నాడు. మాలు గట్టిపడసాగింది. గట్టిపడితే పనికిరాదు. ఆ సంగతి వాడికీ తెలుసు. పూశాడు. ముందు బాణం పోయింది, తర్వాత అక్షరాలు.

ఆ మాలు ఆరాక ఇంకో రోజు వచ్చాడు. ఇక గుల్లని గూట్లో పెట్టాలి. జానెడెత్తు లేపి, లోపలికి జరపాలి. ఒక్కడివల్ల అయ్యేది కాదు.

"నేను పట్టుకుంటాను. దవడ పళ్లు పీకే చేతులండీ, బలం తక్కువేం కాదు" అంది డాక్టరమ్మ, చేతులు తుడుచుకుంటూ.

ఎక్కడ పట్టుకోవాలో చూపించాడు. ఇద్దరూ చెరోవైపు వంగారు. డాక్టరమ్మ ఎదురు చూసింది.

"ఎప్పుడు ఎత్తాలో చెప్పండి మేస్త్రీ గారూ" అంది.

మేస్త్రీ నోరు తెరిచాడు. ఇన్నేళ్లలో ఆ మాట తాను ఒక్కసారీ అనలేదు. వాడు అనేవాడు, ఈయన లేచేవాడు. ఊఁ అనడానికి ఏముంది, పాలు తాగే పిల్లలు కూడా అంటారు. రాలేదు. ఆయన గుల్ల వదిలేసి, అలాగే నేల మీద కూర్చుండిపోయాడు. తలపాగా గుడ్డ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి గానీ చప్పుడు లేదు.

డాక్టరమ్మ నొప్పితో వచ్చినవాళ్లని రోజూ చూసే మనిషి, ఎప్పుడు ఊరుకోవాలో తెలుసు. లోపలికి వెళ్లి నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది. తనూ గట్టు అంచున కూర్చుంది. కాసేపటికి, "ఆయన మీకు…" అంది.

"బావమరిది అండీ" అన్నాడు. అంతటితో ఆగలేదు. ఆయనే ఆశ్చర్యపోయేలా మాట బయటికి వచ్చింది. "ఇంట్లో నా భార్యతో కన్నా వాడితో గడిపిందే ఎక్కువ. పొద్దున్నే వాడి మొహం, సాయంత్రం దాకా వాడి నోరు. రోజుకి పదిసార్లు ఆపరా అనేవాణ్ని. ఇప్పుడు ఆగిపోయింది కదా, చెవులు హోరెత్తుతున్నాయండీ. ఎవరితో చెప్పను? ఏడవాల్సింది ఆవిడ, తోడబుట్టింది. నేను మధ్యలో వచ్చినవాణ్ని."

"మధ్యలో వచ్చినా చివరిదాకా ఉన్నది మీరేగా" అంది డాక్టరమ్మ.

ఆయన నీళ్లు తాగాడు. మొహం తుడుచుకుని లేచాడు. మళ్లీ చెరోవైపు వంగారు. ఈసారి ఆవిడే, "నేను చెప్పనా?" అని అడిగింది. ఆయన తల ఊపాడు. "ఊఁ" అంది. ఇద్దరి పట్టూ ఒకేసారి కుదరలేదు. గుల్ల కాస్త ఆమె వైపు వాలింది. ఆయన మోకాలు అడ్డం పెట్టి ఆపుకున్నాడు. ఎలాగో లోపలికి జరిపారు.

మిగతా పని నిదానంగా సాగింది. గుల్ల కింద పింగాణీ కాళ్లు సమంగా అమర్చి, ఏ కాలి కిందా కాగితం దూరనంతగా ఆనించాడు. చుట్టూ రెండు వేళ్లు పట్టేంత సందు వదిలాడు. అందులో సిమెంటు కాదు కదా, ఇసుక కూడా పొయ్యొద్దని, కాలినప్పుడు దానికి మసలడానికి చోటుండాలని ఆవిడకి చెప్పాడు. చెబుతుంటే తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. రసమట్టం నిలువుగా, అడ్డంగా పెట్టి చూశాడు. బుడగ రెండు గీతల మధ్య నిలబడింది. గిన్నె, జల్లెడ, మూత బిగించాడు.

"మూత ఎత్తండి" అన్నాడు.

డాక్టరమ్మ ఎత్తింది. మూత వెనక్కి వెళ్లింది. కింద ఏమీ కదల్లేదు. ఆవిడ మళ్లీ వేసి మళ్లీ ఎత్తింది. భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నెట్టింది. కొండని నెట్టినట్టే ఉంది.

"ఆ పగులు?"

"ఇక పెరగదండీ. మొదట్లో సన్నటి మంట పెట్టండి. ఒకేసారి భగ్గుమనిపించకండి."

ఇంటికి వెళ్లేసరికి భార్య వాకిట్లో మెట్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది. వచ్చేపోయేవాళ్లు తగ్గిపోయారు.

"పని అయిందా?" అంది.

"అయింది."

మామూలుగా అయితే మాట అక్కడితో సరి. ఆయన సంచీ దించి ఆమె పక్కన కూర్చున్నాడు. "వాడు గోడ మీద రాసి వెళ్లాడు" అన్నాడు.

"ఏమని?"

చెప్పాడు. ఆమె ఉలిక్కిపడ్డట్టు నవ్వింది. ఆ నవ్వు వెంటనే ఏడుపయింది. "చూపించారు కాదే నాకు" అంది.

"మాలు పూసేశాను. తప్పలేదు."

ఆమె కొంగుతో కళ్లు వత్తుకుని ఆయన మొహంలోకి చూసింది. ఇన్ని రోజులుగా ఆ మొహాన్ని తాను చూడలేదని అప్పుడే తట్టినట్టుంది. "పెళ్లయి మీ వెంట వచ్చేసేనాటికి వాడికి మీసాలు కూడా సరిగా రాలేదు. తర్వాత చూసిందంతా చుట్టపుచూపే. పనిలో ఎలా ఉండేవాడో నాకు తెలియదు. చెప్పండి" అంది.

గోడ మీద వీపు అచ్చు సంగతితో మొదలుపెట్టాడు. వరస తెలియలేదు, ముందువి వెనకా, వెనకవి ముందూ చెప్పాడు. పడవ సంగతి చెప్పాడు. బేకరీ బట్టీలో దూరి బయటికి రాలేక, రొట్టెలతో పాటు కాల్చేస్తారేమోనని లోపల్నుంచి వాడు పెట్టిన కేకల గురించి చెప్పాడు. మధ్యలో లేచి ఆమె పెట్టి తెచ్చిన టీ చల్లారిపోయింది. వీధిలో దీపాలు వెలిగాయి. ఆయన చెబుతూనే ఉన్నాడు.

రేడియో భార్యకి ఆ బేకరీవాళ్లే గల్లా దగ్గర కూర్చునే పని ఇచ్చారు. మొదట్లో ఆమె బట్టీ ఉన్న వెనక గదిలోకి వెళ్లేది కాదు. ఇప్పుడు వెళ్తోంది.

మేస్త్రీ బట్టీల పని మానేశాడు. అంత బరువు ఇంకొకరితో కలిసి ఎత్తాలనిపించలేదు. చిన్న పొయ్యిలు, పొగగొట్టాల మరమ్మతులు, గట్లకి టైల్స్ అతికించడం లాంటివి చూసుకుంటున్నాడు. వాటికైనా గీత కొట్టే దారం రెండో కొస పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. ఒకరోజు చెప్పులు వేసుకుంటుంటే భార్య కూడా చెప్పులు వేసుకుంది. "నేను పట్టుకుంటాను" అంది. ఆయన వద్దనలేదు.

ఆమెకి పని రాదు. దారం జారిపోతుంది, గీత వంకరపోతుంది.

"కాస్త బిగించు" అన్నాడు ఆయన, గోడ ఆ చివరనుంచి.

"బిగించాను."

ఆయన సుద్ద పూసిన దారాన్ని లాగి వదిలాడు. గోడ మీద తెల్లటి గీత పడింది. ఇద్దరూ కాసేపు దాన్ని చూశారు.

"ఇప్పుడు వాడుంటే ఏం మాట్లాడేవాడు?" అంది ఆమె.

మేస్త్రీ తల గీరుకుని ఆలోచించాడు. "ఏదో ఒకటి" అన్నాడు. వంగి తాపీ తీసుకున్నాడు.